సరిహద్దు జిల్లాల పిల్లలను మన కళాశాలకు పిలవడం: బరంపురం శాఖ సభ్యుల అభిప్రాయాలు కావాలి

సమన్వయకర్త, బరంపురం (1991 బ్యాచ్)

సభ్యులందరికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో స్థిరపడిన, ఆంధ్రలోని మన కళాశాల పూర్వ విద్యార్థులు ఈ శాఖను పెట్టుకున్న కొత్తలో, ఏడాదికి ఒకసారి కలుసుకుని, కలిసి భోజనం చేసి, పాత మాస్టార్లను తలచుకుని విడిపోవడమే మన పనిగా ఉండేది. తరువాత ఉగాదికి పద్యపఠన పోటీ మొదలైంది. రాయగడలో పదో తరగతి పిల్లలకు ఆదివారం లెక్కల తరగతులు, పర్లాకిమిడిలో పాత పాఠ్యపుస్తకాల పంపిణీ ఆ వెనుక వచ్చాయి. ఇవన్నీ మనకు మనమే అనుకుని చేసిన పనులు.

ఇప్పుడు కళాశాల యాజమాన్యం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఈ నాలుగు జిల్లాల్లోని హయ్యర్ సెకండరీ పాఠశాలలకు వెళ్లి, ప్లస్ టూ చదువుతున్న తెలుగు కుటుంబాల పిల్లలకు మన కళాశాలను పరిచయం చేయాలని, వారు అచ్చువేసి పంపే కరపత్రాలను పంచాలని, మన ద్వారా చేరిన ప్రతి విద్యార్థికి కొంత మొత్తాన్ని శాఖ ఖాతాలో జమ చేస్తామని అందులో రాశారు. నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. వచ్చే సమావేశానికి ముందే మీ అభిప్రాయాలను తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ సభ్యుడు (1998 బ్యాచ్)

నేను ఈ ప్రతిపాదనకు పూర్తిగా అనుకూలం. కాగితం మిల్లు ఉద్యోగంలో చేరి ఇక్కడే ఇల్లు కట్టుకున్న నాలాంటి వారి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పార్వతీపురం బస్టాండులో దిగితే బోర్డు చదవలేరు. మూడేళ్లు మన కళాశాలలో ఉంటే ఆ లోటు తీరుతుంది. అక్కడ సీట్లు మిగులుతున్నాయని మనందరికీ తెలుసు. మనకు చదువు చెప్పిన కళాశాల తరగతి గదులు ఖాళీగా ఉంటే మనం చూస్తూ ఊరుకోవడం నాకు బాగా అనిపించదు. ఇక వారు ఇస్తామన్న మొత్తాన్ని లెక్కల తరగతులకు వాడుకుందాం. మొన్నటి ఎండాకాలం ఆ గదికి రెండు ఫ్యాన్లు కొనడానికి ఎంతమంది దగ్గర చేయి చాచామో గుర్తు చేసుకోండి.

గుణుపురం అధ్యాపకుడు (1984 బ్యాచ్)

రాయగడ సభ్యుని అభిమానాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే సరిహద్దుకు అవతల చదువు అనగానే పిల్లవాడితో పాటు ఏవేవి సరిహద్దు దాటుతాయో, ఏవేవి ఇక్కడే ఆగిపోతాయో తెలియకుండా మనం ఏ బడి గుమ్మమూ ఎక్కకూడదు. నాలుగేళ్ల కిందట నేనే ఆ పొరపాటు చేశాను కాబట్టి ఇంత గట్టిగా రాస్తున్నాను.

మా వీధిలో ఒక అబ్బాయి ప్లస్ టూ సైన్సులో మంచి మార్కులతో పాసయ్యాడు. తండ్రికి చిన్న కిరాణా కొట్టు ఉంది. నేను మన కళాశాల గురించి గొప్పగా చెప్పాను, అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఆ అబ్బాయి వెళ్లి చేరాడు. తన తరగతిలోని మిగతావారికి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తోందని, తనకు రాదని మొదటి నెలలోనే తెలిసింది, ఎందుకంటే అది ఆంధ్రప్రదేశ్ నివాసులకు మాత్రమే. ఇక్కడ ఉండి చదివితే దొరికే ఒడిశా ప్రభుత్వ ఉపకార వేతనాన్ని వదులుకుని వెళ్లాడు, అక్కడిది అందలేదు. రెండో సంవత్సరం ఫీజు కోసం తండ్రి కొట్టు మీద అప్పు తెచ్చాడు. ఇప్పటికీ ఆయన నన్ను చూస్తే నమస్కారం పెడతాడు. ఆయన నమస్కారం పెట్టినప్పుడల్లా నాకు తల ఎత్తడం కష్టంగా ఉంటుంది.

ఇంకొక సంగతి. కళాశాల పంపిన కరపత్రం నమూనాలో ‘మాతృభాషలో చదువుకునే అవకాశం’ అన్న వాక్యం ఉంది. 2021–22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నింటినీ ఆంగ్ల మాధ్యమంలోకి మార్చారు. అక్కడ తెలుగు ఒక భాషా పాఠ్యాంశంగా ఉంటుంది, అంతే. ఈ వాక్యంతో అచ్చయిన కాగితాన్ని నేను నా చేతితో ఎవరికీ ఇవ్వలేను.

విశాఖ న్యాయవాది (1995 బ్యాచ్, స్వస్థలం పర్లాకిమిడి)

మాస్టారు చెప్పినదానికి స్థానికత విషయాన్ని కూడా చేర్చాలి. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారు ప్రధానంగా స్థానికులవుతారు. మిగిలిన 15 శాతంలోనైనా బయటివారికి తలుపు బార్లా తెరిచి లేదు. తానో, తల్లిదండ్రుల్లో ఒకరో మొత్తం మీద పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉండాలన్న తరహా షరతులు ఉన్నాయి. మన ఇళ్లలో చాలామంది తల్లుల పుట్టిళ్లు టెక్కలిలోనో పాతపట్నంలోనో ఉన్నాయి కాబట్టి ఈ షరతు కొందరికి పనికొస్తుంది, కానీ దానికి నివాస ధ్రువపత్రం చూపించాలి.

సీట్లు మిగిలిపోయే మామూలు డిగ్రీ కోర్సులో దీని బరువు పెద్దగా తెలియదు. ఆ తరువాత బీఈడీకో, పోటీ ఎక్కువగా ఉన్న పీజీ కోర్సుకో వెళ్లేటప్పుడు తెలుస్తుంది. ప్లస్ టూ వరకు ఒడిశాలో చదివి, మూడేళ్ల డిగ్రీ మన దగ్గర చదివిన విద్యార్థికి నాలుగేళ్ల లెక్క సరిగ్గా ఒక ఏడాది తక్కువ పడుతుంది. ఈ ఒక్క ఏడాది గురించి నా దగ్గరికి సలహా కోసం వచ్చేవారిని చూస్తుంటే, ఈ మాట వారితో మొదటి రోజే ఎవరూ ఎందుకు చెప్పలేదా అనిపిస్తుంది.

కుల ధ్రువపత్రం సంగతీ అంతే. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రాన్నిబట్టి ఉంటాయి. ఒక రాష్ట్రంలో ఎస్టీగా గుర్తింపు ఉన్నవారు వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రిజర్వేషన్ కోరలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన ఒక కుటుంబంలోని అబ్బాయి మెడికల్ సీటు గురించి వచ్చిన కేసు అది. మన పిల్లల దారి వేరు, చిక్కు మాత్రం అదే.

జయపురం సభ్యురాలు (2003 బ్యాచ్)

ఒక సవరణ చేయడానికి అనుమతించండి. ఉపకార వేతనాలేవీ సరిహద్దు దాటవని అనుకుంటే అదీ తప్పే అవుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ సాయంతో నడిచే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను విద్యార్థి స్వరాష్ట్రమే ఇవ్వాలని నిబంధన ఉంది, అతడు వేరే రాష్ట్రంలో చదువుతున్నా సరే. మా మేనకోడలు విజయనగరంలో చదువుతూ ఒడిశా పోర్టల్ ద్వారానే దరఖాస్తు పెట్టింది. అయితే ఆమె చదివే కళాశాల వివరాలు ఆ పోర్టల్‌లో లేకపోవడంతో వాటిని నమోదు చేయించడానికి మూడుసార్లు తిరగవలసి వచ్చింది, డబ్బు రావడానికి చాలా నెలలు పట్టింది. మన కళాశాల ఆ నమోదును ఇప్పుడే పూర్తి చేసి ఉంచితే, అది కరపత్రాల కన్నా ఎక్కువమంది పిల్లలకు పనికొస్తుంది. యాజమాన్యానికి రాసే జవాబులో ఈ మాట తప్పక ఉండాలి.

గుణుపురం అధ్యాపకుడు (1984 బ్యాచ్)

చాలా మంచి సవరణ. మా వీధి అబ్బాయికి అది వర్తించదు, కానీ నేను అందరినీ ఒకే గాటన కట్టాను. ఆ పొరపాటును ఒప్పుకుంటున్నాను.

పర్లాకిమిడి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు (1976 బ్యాచ్)

మీరందరూ నిబంధనల గురించి బాగా రాశారు. నేను కరపత్రం గురించి రాస్తాను. అచ్చు తెలుగులో వేసిన కాగితాన్ని ఇక్కడి పదిహేడేళ్ల పిల్లకు ఇస్తే, ఆ పిల్ల దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి తాతగారికి ఇస్తుంది. చదివేది తాతగారు, చేరవలసింది ఆ పిల్ల. ఆమెకు ఒడియా లిపి వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు చెవికి మాత్రమే వచ్చు. నేను పనిచేసిన రోజుల్లోనే తెలుగు విభాగాల్లో పిల్లలు తగ్గిపోవడం, ఖాళీ అయిన తెలుగు టీచరు పోస్టు ఏళ్ల తరబడి భర్తీ కాకపోవడం చూశాను. కాబట్టి కరపత్రం రెండు లిపుల్లో ఉండాలి. ఒడియా భాగాన్ని ఒడియాలో ఆలోచించి రాయగలిగినవారే రాయాలి. ఈ ఊళ్లోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు ఖర్చు చేశారు. తెలుగు ఇళ్లలో పుట్టిన పిల్లలకు వారు చదవగల లిపిలో ఒక కాగితం రాయడం మనకు బరువు కాకూడదు.

కళాశాలలో రెండో భాషగా తెలుగు, హిందీ, సంస్కృతం ఉన్నాయి కానీ ఒడియా లేదు. ప్లస్ టూలో ఒడియా చదివిన పిల్ల అక్కడ ఏది తీసుకుంటుంది? మా మనవరాలు హిందీ తీసుకుని గట్టెక్కింది. తెలుగు తీసుకున్న ఇంకొక అమ్మాయి మొదటి సెమిస్టర్లో అక్షరాలు దిద్దుకుంటూనే ఛందస్సు పరీక్ష రాయవలసి వచ్చింది. వేసవిలో నలభై రోజులు మనమే తెలుగు చదవడం, రాయడం నేర్పితే ఎలా ఉంటుంది? మా ఇంటి వరండా ఇస్తాను, నల్లబల్ల కూడా ఉంది.

ఆడపిల్లల తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఫీజు గురించి ఉండదని కూడా మగవారు గుర్తుంచుకోవాలి. హాస్టల్ ఎలా ఉంటుంది, శనివారం సాయంత్రం గుణుపురం పాసింజర్ తప్పిపోతే పిల్ల ఎక్కడ ఉంటుంది అని అడుగుతారు. దానికి జవాబు చెప్పగలిగినవారు మన బృందంలో ఒక్కరైనా ఉండాలి.

కాశీనగర్ సభ్యుడు (2009 బ్యాచ్)

నేను అలా వెళ్లి చదివినవాడినే కాబట్టి రెండు మాటలు చెబుతాను. నాకు ఆ మూడేళ్లు మేలే చేశాయి. తెలుగు చదవడం అక్కడే నేర్చుకున్నాను. కానీ వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పని చిన్న విషయాలే నన్ను ఎక్కువగా తిప్పాయి. ఇక్కడ సీఎల్‌సీ (కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్) అంటారు, అక్కడ కౌంటర్లో టీసీ అడుగుతారు. రెండూ ఒకటేనని వారికి నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. ఒడిశా హయ్యర్ సెకండరీ కౌన్సిల్ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ రావడం ఆలస్యమైంది. ఈలోగా ఇక్కడి కళాశాలలో మంచి సీటు వచ్చింది, మనసు మారింది, అయితే అసలు సర్టిఫికెట్లు అప్పటికే అక్కడ ఇచ్చేసి ఉన్నాను, వెనక్కి ఇవ్వలేదు. అసలు పత్రాలను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టం చేసిందని చాలా ఏళ్ల తరువాత తెలిసింది, దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు.

తిరిగి వచ్చాక ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా వచ్చని చూపించాలి. నేను బడిలో ఒడియా చదివాను కాబట్టి ఇబ్బంది లేకపోయింది. చిన్న తరగతుల నుంచే అవతలి బడిలో చదివిన మా తమ్ముడు ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాయవలసి వచ్చింది.

న్యూజెర్సీ సభ్యుడు (1993 బ్యాచ్)

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. డబ్బే ఇబ్బంది అయితే కళాశాల ఇచ్చే మొత్తాన్ని మనం ఆశించవలసిన అవసరం లేదు. ఇక్కడ మేము పదిమందిమి ఉన్నాం. ఏటా ఐదుగురు సరిహద్దు పిల్లల ఫీజు మేము కడతాం. శాఖ ఖాతా వివరాలు పంపండి.

కోశాధికారి, బరంపురం (1989 బ్యాచ్)

మీ ఉదారతకు కృతజ్ఞతలు. కానీ ఖాతా వివరాలు పంపే ముందు ఒక ప్రశ్న అడగాలి, దయచేసి తప్పుగా అనుకోవద్దు. మీ పదిమందిలో ఎవరి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉంది? భారత పౌరులుగానే ఉన్న ప్రవాసులు తమ సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బుకు విదేశీ విరాళాల చట్టం అడ్డు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా ఆ చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి దగ్గర రూపాయి తీసుకోవాలన్నా సంఘానికి ఆ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మనకు అవేవీ లేవు. అసలు మనది ఇప్పటికి ఇద్దరు సభ్యుల పేరిట ఉన్న ఉమ్మడి పొదుపు ఖాతా మాత్రమే. ఇక్కడ 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకోవచ్చు. ఆ పని ముందు జరగాలని నేను మూడు సమావేశాల్లో చెప్పాను, మూడుసార్లూ భోజనాల వేళ అయిపోయింది.

న్యూజెర్సీ సభ్యుడు (1993 బ్యాచ్)

మాలో నలుగురికి భారత పాస్‌పోర్టు ఉంది, నాకు లేదు. ఆ నలుగురితో మాట్లాడి రాస్తాను. ఐదుగురు పిల్లలు ముగ్గురవుతారేమో.

రాయగడ సభ్యుడు (1998 బ్యాచ్)

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. ‘మాతృభాషలో చదువు’ అన్న వాక్యాన్ని తీసేయాలని ఒప్పుకుంటున్నాను. రెండు లిపుల కరపత్రానికీ ఒప్పుకుంటున్నాను. కానీ ఒక అభ్యంతరం నాలో అలాగే ఉంది. ఇన్ని హెచ్చరికలు చెప్పాక ఏ తండ్రైనా పిల్లవాడిని పంపుతాడా? మనం ఈ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘమా, లేక పిల్లలను వెళ్లవద్దని చెప్పే సంఘమా? ఊళ్లోనే మంచి చదువు ఉందని చెప్పడానికి మన సంఘం అవసరం లేదు. బరంపురంలో 1878లో కళాశాల అయి, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఖల్లికోట ఉంది, మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు చదివిన చోటు. పర్లాకిమిడిలో 1896 నుంచి గజపతుల పేరిట కళాశాల ఉంది. జయపురంలో విక్రమ్‌దేవ్ కళాశాల కూడా విశ్వవిద్యాలయమే అయింది. అవి తమ గొప్ప తాము చెప్పుకుంటాయి. మన కళాశాల గొప్ప మనం కాక ఎవరు చెబుతారు?

గుణుపురం అధ్యాపకుడు (1984 బ్యాచ్)

న్యాయమైన ప్రశ్న. నా జవాబు ఇది. మీరు చెప్పిన కళాశాలలతో పాటు బరంపురంలో 2016లో వచ్చిన ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ), కొరాపుట్‌లో 2009లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా మన పిల్లల ముందు ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షను తెలుగులోనూ ఒడియాలోనూ రాయవచ్చు. వీటన్నింటి నడుమ మన కళాశాల ఎవరికి పనికొస్తుంది? అవతల మేనమామ ఇల్లు ఉండి హాస్టల్ ఖర్చు లేని పిల్లకు పనికొస్తుంది. తరువాత విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చూసుకోవాలనుకునే అబ్బాయికి పనికొస్తుంది. తెలుగు నేర్చుకోవాలన్న కోరిక తనకే ఉన్నవారికి పనికొస్తుంది. అలాంటివారు నాలుగు జిల్లాల్లో పదిహేనుమంది ఉండవచ్చు. ఆ పదిహేనుమందిని వెతికి పట్టుకోవడం సులువైన పనేమీ కాదు, ఆ పనికి నేను ప్రతి ఆదివారం వస్తాను. యాజమాన్యం అడిగినది అది కాదు. వారికి కావలసింది తలల లెక్క. జీతానికి ఊరూరా తిరిగి పిల్లలను చేర్పించే పీఆర్వోలు వారికి ఇప్పటికే ఉన్నారు. తలకింత తీసుకున్న రోజున, మా వీధి కిరాణా కొట్టు ఆయన దృష్టిలో నేనూ వారిలో ఒకడినే అవుతాను.

న్యాక్ (కళాశాలలను మదింపు చేసే జాతీయ మండలి) బృందం వచ్చిన ఏడాది మాత్రమే పూర్వ విద్యార్థులు గుర్తొస్తారన్న నిష్ఠూరం ఇక్కడ పెట్టను. ఆ మదింపులో మన సంఘాల పాత్రకు కూడా మార్కులు ఉంటాయని తెలిసినవారికి అర్థమవుతుంది.

జయపురం సభ్యురాలు (2003 బ్యాచ్)

తలకింత వద్దు అనడంలో నేను మాస్టారితోనే ఉన్నాను. అదే మొత్తాన్ని చేరిన విద్యార్థి ఫీజులో తగ్గించమని అడగవచ్చు కదా? డబ్బు మన ఖాతాకు రాకుండా పిల్లల రసీదులో తగ్గింపుగా కనిపిస్తే ఎవరూ మనల్ని వేలెత్తి చూపలేరు.

రాయగడ సభ్యుడు (1998 బ్యాచ్)

దానికైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఫ్యాన్ల డబ్బు నేను ఇంకెక్కడైనా చూస్తాను.

సమన్వయకర్త, బరంపురం (1991 బ్యాచ్)

అందరికీ ధన్యవాదాలు. యాజమాన్యానికి పంపబోయే జవాబు సారాంశం ఇక్కడ పెడుతున్నాను. తలకింత మొత్తం మనకు వద్దని, దాన్ని ఒడిశా నుంచి వచ్చే విద్యార్థుల ఫీజులో తగ్గించాలని, ఆ తగ్గింపు మూడు సంవత్సరాలూ ఉంటుందని రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం. ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కళాశాల నమోదును ప్రవేశాలకు ముందే పూర్తి చేయాలి. చేరే రోజున అసలు సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి. మాధ్యమం గురించిన వాక్యాన్ని తొలగించాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఈ ఏడాది మనం బడులకు వెళ్లం, మన పాత పనులు మనం చేసుకుంటాం.

వారు ఒప్పుకుంటే మొదట గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి బడులకు వెళదాం. గోపాలపురం తీరంలోని మత్స్యకార కుటుంబాల దగ్గరికి తరువాత వెళదాం, అక్కడి పిల్లల్లో చాలామంది ప్లస్ టూ దాకా రావడమే కష్టంగా ఉంది, వారికి కావలసింది లెక్కల తరగతులు. స్థానికత గురించి ఒక పేజీ వివరణను న్యాయవాది గారు రాసి ఇస్తారు. వేసవి తెలుగు తరగతులు పర్లాకిమిడిలో అమ్మగారి వరండాలోనే జరుగుతాయి. సొసైటీ నమోదు కాగితాల మీద ఈసారి భోజనానికి ముందే ఏడుగురం సంతకాలు చేద్దాం.

పర్లాకిమిడి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు (1976 బ్యాచ్)

కరపత్రం ఒడియా ప్రతిని మా పక్కింటి ఒడియా మాస్టారికి చూపించాను. మూడు చోట్ల తెలుగు వాక్యానికి ఒడియా చొక్కా తొడిగినట్టు ఉందని నవ్వారు. దిద్ది పంపుతానన్నారు. కరపత్రంలో ఫోన్ నంబరు స్థానంలో ఎవరి నంబరు వేయాలో ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లల తల్లులు ఫోన్ చేస్తారు కాబట్టి జయపురం అమ్మాయి ఒప్పుకుంటే ఆమెదే వేయండి.

జయపురం సభ్యురాలు (2003 బ్యాచ్)

ఒప్పుకుంటున్నాను. సాయంత్రం ఆరు తరువాత అని పక్కన రాయండి.